నంబరు లేని సగం

ఈ మనిషి నా వెనకాలే ఎందుకు వచ్చాడో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. బెంగళూరులో నేను బస్సు ఎక్కితే అదే బస్సులో వెనక సీట్లో కూర్చున్నాడు. హోసూరులో దిగితే తానూ దిగాడు. ఇప్పుడు నేను అంచెట్టి బస్సు కోసం స్తంభానికి ఆనుకొని కూర్చుంటే, ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చొని నేల చూపులు చూస్తున్నాడు. తిమ్మరాజు. ఒకప్పుడు అన్నా అని నోరారా పిలిచినదాన్నే, ఆరేళ్లుగా ఆ పిలుపు నా నోట రాలేదు. ఈయన ఊరు కెలమంగలం. ఆ బస్సు ఇప్పుడే వచ్చింది, కండక్టరు గొంతు చించుకున్నాడు, పట్టుపురుగుల తట్టలతో సహా జనం ఎక్కారు, బస్సు పోయింది, ఈయన లేవలేదు. పోవయ్యా, పొద్దున మెడలో దండ వేశారు కదా, ఇంటికి పోయి పెళ్లాం చేతి కాఫీ తాగు, నా ఎదురుగా నీకేం పని? ఎండ రేకుల కింద నుంచి జారి నా పాదాల మీదికి వచ్చింది. జామకాయల ఆమె అడిగి అడిగి విసుక్కొని పోయింది. ఫ్యాక్టరీ బస్సు ఒకటి నీలం చొక్కాల పిల్లల్ని దింపితే అందులో నా కొడుకు చెన్నకేశవ ఉన్నాడేమోనని మెడ చాచి చూశాను, లేడు, వాడికి ఈరోజు సెలవు ఇవ్వలేదు, పొద్దున నన్ను బెంగళూరు బస్సులో కూర్చోబెట్టి పరుగెత్తి డ్యూటీకి పోయాడు. ఒళ్లో మూటలో గడియారం టిక్కు టిక్కుమంటోంది. కోడి కూతకు లేచే ఇంటికి గడియారం ఎందుకో, ఇచ్చేవాళ్లకు ఏం తెలుసు.

ఇచ్చేటప్పుడు మాత్రం కంపెనీవాళ్లు బెంగళూరు ఆఫీసులో బాగానే ఇచ్చారు. కుర్చీలు, ఫ్యాన్లు, గులాబీ నీళ్లు, ఒక ఆఫీసరు ఇంగ్లీషులో మాట్లాడితే ఇంకొకాయన దాన్ని కన్నడంలో చెప్పడం, నాకు రెండూ ఒకటే. రిటైరయ్యే వాళ్లు వరసగా కూర్చున్నారు, చివరి కుర్చీలో నేను, ఆ వరసలో చీర కట్టుకున్నది నేనొక్కదాన్నే. ఈ బహుమానం గురించి మా ఆయన ఎప్పుడు ఇంటికి వచ్చినా చెప్పేవాడు. పైపులైను వేసేటప్పుడు ఏదో కారణానికి కోసి పక్కన పెట్టిన జాయింట్లు ఉంటాయట, పనివాడు రిటైరయ్యేటప్పుడు అందులో వాడు వెల్డింగు చేసినదాన్నే వెదికి, జాయింటు మధ్యలో ఉండేలా కడియంలా కోసి, ఆ కడియాన్ని రెండుగా చీల్చి, సగాన్ని మెరుగు పెట్టి చెక్క మీద తోరణంలా నిలబెట్టి ఇస్తారట. దాని కింద గడియారం, ముందర పేరు చెక్కిన ఇత్తడి రేకు. సగమే ఎందుకంటే ఒక జాయింటును ఇద్దరు చేస్తారు, ఎవరి సగం వాళ్లది. "నేను చేసిందంతా మట్టికింద పోయిందే కెంచీ. ఎవరికి చూపించేది? అదొక్కటి తెచ్చి మా అమ్మ ముందర పెడతాను, కొడుకు ఇన్నేండ్లు యాడ తిరిగినాడో, ఏం చేసినాడో ఆమె కండ్లారా చూడల్ల." అలా అంటూ అరచెయ్యి వంచి తోరణంలా చూపించేవాడు. పొద్దున వేదిక మీదికి పిలిచి "దివంగత మాదప్ప" అన్నారు, చప్పట్లు కొట్టారు, బరువుగా ఉన్న దాన్ని చేతిలో పెట్టారు. పక్కనే నిలబడి ఈ తిమ్మరాజు ఏదో చెప్పబోయాడు. నేను కొంగు భుజం మీదికి లాక్కొని దిగి వచ్చేశాను. చనిపోయినవాడికీ ఇవ్వాలని ఆఫీసులో పట్టుబట్టింది ఈయనేనని ఎవరో అన్నారు. పట్టుబట్టనీ. అంతమాత్రాన పోయిన మనిషి లేచి వస్తాడా?

వాళ్లు ఆ పేరును ఎంత సులభంగా అనేస్తారో. నేను అనను. పెళ్లయిన నాటి నుంచి అనలేదు, మా అత్త అంగాళమ్మ తన మొగుడి పేరు అనలేదు, ఆమె అత్తా అనలేదు, ఇప్పుడు మనసులో కూడా అనడం రాదు నాకు. కృష్ణగిరి డ్యాం గేట్ల పనిలో ఆయన వెల్డింగు నేర్చుకున్నాడు, మేకలు కాసే చేతికి అదెట్లా అబ్బిందో, ఆ పని నుంచి ఈ కంపెనీకి పోయాడు, పోయిన కొత్తలో మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు చిన్న ఉక్కు అచ్చులు తెచ్చాడు. ప్రతి వెల్డరుకూ ఒక నంబరు, జాయింటు పక్కన ఆ నంబరు కొట్టాలి, రేపు కారితే ఎవరిదో తెలియాలి కదా. ఆయనది నలభై ఏడు. ఇంట్లో దేన్నీ వదల్లేదు మహానుభావుడు, చెంబు అడుగున, పలుగు మీద, తలుపు గొళ్లెం మీద, చివరికి మా పెళ్లినాటి ఇత్తడి బిందె మీద కూడా టంగుమని కొట్టి పెట్టాడు. మేకలకు చెవి కోసి గుర్తు పెట్టే వంశం కదా, ఎక్కడికి పోతుంది బుద్ధి. నాకు అక్షరాలు రావు గానీ ఆ రెండు గుర్తులు వచ్చు. మొదటిది మడిచిన కాలులా ఉంటుంది, రెండోది మేకలకు ఆకు కోసే దోటి. రేషను అంగట్లో, ఆసుపత్రిలో, చెన్నకేశవను బడిలో చేర్చేటప్పుడు, మొగుడి పేరు చెప్పమ్మా అంటే నేను నలభై ఏడు అనేదాన్ని. వాళ్లు నవ్వేవాళ్లు. నాకు మాత్రం మంచి ఉపాయం దొరికింది. రాత్రుళ్లు దీపం ఆర్పాక కూడా ఏమయ్యా నలభై ఏడూ అని పిలిచేదాన్ని, ఉలకడు పలకడు, నవ్వు మాత్రం చీకట్లో వినిపించేది.

ఆ రోజుల్లో ఒకసారి ఈ తిమ్మరాజును కూడా ఇంటికి తెచ్చాడు. పైపుకు ఆ పక్క ఆయన, ఈ పక్క ఈయన, ఇద్దరూ జోడీ. రాగిముద్ద, అవరెకాయల పులుసు పెడితే ఇద్దరూ పోటీ పడి తిన్నారు, తిని ఈయన తన అచ్చులు తీసి మా చెంబు అడుగున పక్కనే తన నంబరూ కొట్టాడు. పద్దెనిమిది. ఒక కర్ర, దాని పక్కన నడుము సన్నబడిన సొరకాయ బుర్ర. మా ఆయన ఆ నాటి నుంచి ఈయన్ను సొరకాయ అనేవాడు. ఆ చెంబుతోనే ఇప్పటికీ మా అత్తకు నీళ్లు ఇస్తాను. కడిగేటప్పుడు సొరకాయ వేలికి తగిలితే ఒళ్లు మండుతుంది. తీసి పారేద్దామంటే పక్కనే దోటి ఉంది.

సెలవు అయిపోయి ఆయన తిరిగి పోయేది ఈ బస్టాండు నుంచే. అంచెట్టి నుంచి నేనూ వచ్చేదాన్ని సాగనంపడానికి, కానీ నన్నెప్పుడూ సాగనంపనివ్వలేదు. నా బస్సే ముందు రావాలి, నేనే ముందు ఎక్కాలి. "నువ్వు ముందు పో కెంచీ, నేను వస్తాను." ఎక్కడికి వస్తావయ్యా, నువ్వు పోయేది గుజరాత్ దిక్కుకు కదా? అయినా అదే మాట. సంత నుంచి నడిచి వస్తుంటే కూడా అంతే, చెప్పులో ముల్లు తీసుకోవడానికి ఆగితే నేను ఆగకూడదు, నువ్వు ముందు పో, నేను వస్తాను. అన్నం తినేటప్పుడు ఎవరైనా చెయ్యి కడుక్కోకుండా తన కోసం కూర్చుంటే ముద్ద దిగేది కాదు ఆయనకు. తన వల్ల ఇంకొకరు ఒక్క నిమిషం కాచుకుంటున్నారంటే ముళ్ల మీద కూర్చున్నట్టు ఉండేది. చెన్నకేశవ పుట్టిన రోజు కూడా, నొప్పులు వస్తున్నాయి, బండి కట్టారు, తాను పలుపు వెదుకుతూ, మీరు ముందు పోండి, నేను వస్తాను అన్నాడు. అప్పుడు నేను తిట్టిన తిట్లు మా ఊళ్లో ఇంకా చెప్పుకుంటారు. ఇదే స్తంభం, ఇదే గచ్చు. చివరిసారి కూడా బస్సు కిటికీలోంచి చూస్తే ఇక్కడే నిలబడి చెయ్యి ఊపాడు, పో పో అన్నట్టు. నేను పోయాను.

పని ఎట్లా చేస్తారో ఒకసారి నా చేతి గాజు తీసుకొని చూపించాడు. పైన నడినెత్తి నుంచి ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఎవరి పక్క వాళ్లు రాడ్డు కాలుస్తూ కిందికి దిగుతారు, అడుగున కలుస్తారు. ముందు ముగించినవాడు లేచి పోకూడదు, రెండోవాడిది ముగిసేదాకా పక్కనే కూర్చోవాలి, ముగిశాక నంబర్లు కొట్టి ఇద్దరూ కలిసి లేవాలి. ఇది కంపెనీ పెట్టిన రూలు కాదట, వెల్డర్లలో వాళ్లకు వాళ్లే పెట్టుకున్న మర్యాద. ఎక్కువ జాయింట్లు నేల మీదే చేసి పైపును కాలువలోకి దింపుతారు, కొన్ని మాత్రం గుంతలో దిగి చేయాలి, అవి చెడ్డవి, అని గాజు తిరిగి నా చేతికి తొడిగాడు. అవి ఎంత చెడ్డవో నాకు తరవాత తెలిసింది. ఆయన లోపల ఉండగానే అలాంటి ఒక గుంత గోడ విరిగి పడింది. నాలుగు ఊళ్ల అవతల కూడా కాదు, దేశానికి ఆ చివర, ఉప్పు నేలలో. తవ్వి తీసి అక్కడే కాల్చేశారు. మా వాళ్లు కాల్చరు, పూడుస్తారు. పూడ్చినచోట రాయి నిలబెడతారు. మట్టి కప్పిన మనిషిని మట్టిలోంచి తీసి మంటల్లో పెట్టారు, ఇంతకన్నా అన్యాయం ఉందా? పాపం, శవం అంత దూరం రాదు కదా అని అందరూ నాకు నచ్చజెప్పారు. ఆ కబురు తెచ్చింది ఈ తిమ్మరాజే. ఆయన రేకు పెట్టె నెత్తిన పెట్టుకొని మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. నేను ఏడవలేదు, ఒక్క మాట అడిగాను. "ఆయన కింద ఉంటే నువ్వెట్ల పైన ఉండావు?" ఈయన పెట్టె దించాడు, అంతే. నా గాజు మీద నేర్చుకున్న పాఠం నాకు తెలుసు, ముందు ముగించినవాడు కూర్చోవాలి. ఈయన కూర్చోలేదు. లేచి పైకి పోయాడు, బీడీకో దేనికో. పిడికెడు దుమ్ము తీసి ముఖాన కొట్టాను. తుడుచుకోకుండా పోయాడు.

ఇంకో కెలమంగలం బస్సు వచ్చింది. ఈయన ఎక్కలేదు. బల్ల మీద ఇంకొకరు వచ్చి కూర్చుంటే జరిగి చోటిచ్చాడు, సంచిని ఒళ్లోకి లాక్కొని రెండు చేతులతో పట్టుకున్నాడు. ముసలివాడైపోయాడు. ఆ జబ్బలు, ఆ మెడ ఎక్కడ పోయాయి? మా ఆయన ఉంటే ఇప్పుడు ఎట్లా ఉండేవాడో, జుట్టు నెరిసేదా, ఊడిపోయేదా, అది కూడా నాకు తెలియకుండా పోయింది కదా.

అత్త చెప్పింది గుర్తుకొచ్చింది. పొద్దున గడప దాటేటప్పుడు మంచంలోంచి పిలిచి, "వాడు చేసిందేనా, తడిమి చూసుకో. వాడు చేసిందైతేనే తే" అంది. ఆమెకు వినపడదు, కనపడదు, పట్టుదల మాత్రం తగ్గలేదు. పెద్దల అమావాస్యకు మా ఇంట్లో పోయినవాళ్లందరికీ ఆకులు వేసి వడ్డిస్తారు. మామకు వేస్తుంది, మామ నాన్నకు వేస్తుంది, చిన్నప్పుడే పోయిన ఆడపడుచుకు కూడా చిన్న ఆకు వేస్తుంది. కొడుకుకు వేయదు. మొదటి ఏడు నేను ఆకు పరవబోతే చెయ్యి పట్టుకుంది. "రానోడికి ఆకు ఎట్ల వేసేది? వాడు ఇంటికి రానీ, వేస్తాను." అప్పటి నుంచి ప్రతి ఏడూ అందరూ తింటారు, ఆయన తినడు. బతికున్నప్పుడు అందరికన్నా చివర తినేవాడు, ఇప్పుడు అదీ లేదు. ఊరి పెద్దలు కూర్చొని మాట్లాడి, ఆయన చేత్తో చేసినదేదైనా వస్తే దాన్ని మా చేని గట్టున పూడ్చి రాయి నిలబెడదాం, అప్పుడు వచ్చినట్టే అన్నారు. అత్త ఒప్పుకుంది. ఎల్లుండి అమావాస్య. వచ్చే ఏడు దాకా ఆమె ఉంటుందనే నమ్మకం నాకు లేదు, ఆమెకూ లేదు. అందుకే నేను ఈ చప్పట్ల మధ్యకు పోయాను. లేకపోతే నాకు వాళ్ల గులాబీ నీళ్లెందుకు?

జనం చూస్తారని మూట విప్పలేదు. చెయ్యి మాత్రం లోపలికి పోనిచ్చాను. నున్నగా ఉంది, చల్లగా ఉంది, వంపు తిరిగిన ఇనుము, నడుమ జడ అల్లినట్టు వెల్డింగు గీత, ఆ గీత మీద వేలు పెట్టాను. ఇది ఆయన చెయ్యి పోయిన దారి. మెల్లగా పోయాను. గీత పక్కన గుంటలు తగిలాయి, నంబరు. నా వేలికి కాలు తెలుసు, దోటి తెలుసు, వాటిని నేను ఎవరితోనూ చెప్పించుకోనక్కరలేదు. నిలువుగా ఒక గీత తగిలింది. పక్కనే ఒక గుండ్రని గీత, దాని కింద ఇంకో గుండ్రని గీత. మళ్లీ తడిమాను. వేలు మార్చి తడిమాను. తలకిందులుగా పట్టుకున్నానేమో అని మూటను తిప్పి తడిమాను. కర్ర. సొరకాయ.

 బస్టాండంతా ఎవరో నీళ్ల కింద నుంచి మాట్లాడుతున్నట్టు వినిపించింది. నా ఒళ్లో ఈ మనిషి సగం ఉంది, నేను ముఖాన దుమ్ము కొట్టిన మనిషి సగం, దీన్ని తీసుకుపోయి నా చేని గట్టున పూడ్చాలా, దీనికి ఆకు వేయాలా? అడుగు అత్తా, వాడు చేసిందేనా అని అడుగు, అవును అని చెప్తే నమ్ముతావు, నీకు కళ్లు లేవు, ఎవరికీ తెలియదు. నాకు తెలుసు కదా. ఆఫీసు వాళ్లు ఒకరిది ఒకరికి ఇచ్చి ఉంటారు, దివంగతుడికి ఏదైతే ఏం, ముసల్ది చూస్తుందా పాడా అని. అప్పుడు తట్టింది. అయితే నాది ఈయన దగ్గర ఉంది. ఆ సంచిలో ఉంది. అందుకే వెనకాల వచ్చాడు, అందుకే బస్సులు వదిలేస్తున్నాడు, అడగడానికి నోరు లేక కూర్చున్నాడు. కోపం కాళ్లలోకి దిగింది, లేచాను. మూట చంకన పెట్టుకొని ఆ మనిషి ముందర నిలబడ్డాను. ఆరేళ్లకు.

"ఇది నీ నంబరు," అన్నాను.

తలెత్తాడు. "నీకెట్ల తెలిసె?"

"నా మొగుని నంబరు నాకు తెలీదా? ఆఫీసోళ్లు మార్చి ఇచ్చినారు. నాది నాకియ్యి."

ఆయన సంచిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "ఆఫీసోళ్లు కాదు కెంచమ్మా. నేనే మార్చినాను. పేరు రేకులు విప్పి, దాంది దీనికి, దీంది దానికి బిగించినాను. నీకు చదువు రాదు గదా, ఏదో ఒక నంబరు వేలికి తగిల్తే చాలనుకొంటిని."

 నంబరు నాకు పేరు అని ఈయనకెట్లా తెలుస్తుంది? మా ఇంట్లో రాత్రిళ్లు ఏమని పిలుచుకున్నామో ఎవరికి తెలుసు?

"ఎందుకు మార్చినావు?"

"ఆ సగంలో నంబరు లేదమ్మా."

అప్పటికీ నాకు అర్థం కాలేదు. "చూపించు," అన్నాను. "వద్దు" అన్నాడు. "చూపించు" అని మళ్లీ అన్నాను, టీ అంగడివాడు ఇటు చూసేంత గట్టిగా. ఆయన బల్ల మీదనుంచి లేచి, సంచిని బల్ల మీద పెట్టి, అందులోని దండ తీసి పక్కన పెట్టి, తువ్వాలు విప్పాడు. నా చంకన ఉన్నలాంటిదే తోరణం, అదే మెరుగు, అదే గడియారం, ఇత్తడి రేకు. జడ అల్లినట్టు వెల్డింగు ఒక కాలు నుంచి పైకి ఎక్కి, వంపు తిరిగి, రెండో కాలు వైపు దిగుతూ, సన్నబడి, ఒకచోట ఆగిపోయింది. అక్కడి నుంచి కిందిదాకా రెండు పైపుల అంచుల మధ్య సందు. సందులోంచి అవతల బస్సుల రంగు కనిపించింది.

"ఇది ఆ జాయింటే," అన్నాడు తిమ్మరాజు. "మట్టి తీసినాక పైపును కోసి పారేసినారు. నేను ఎత్తి స్టోర్లో ఒక మూల దాచినాను. నేను రిటైరయ్యేటప్పుడు ఇద్దరికీ దీన్నే కోసియ్యమని అడిగితిని. కోసినాక చూస్తే, దీన్ని నీ చేతిలో ఎట్ల పెట్టేది? ముగియనిదాన్ని ఎట్ల పెట్టేది? నాది నిండుగా ఉండాది, అది పోనీలే అనుకొంటిని. మనసు ఒప్పక వెంట వస్తిని."

నేను ఆ ఆగిపోయినచోటే చూస్తున్నాను. ముగించాకే నంబరు కొడతారు. ఈయనది నిండింది, నంబరు పడింది, పైకి పోయాడు. ఆయనది నిండలేదు. నేను ఆరేళ్లుగా అనుకున్నదే, ఇనుములో రాసినట్టు కళ్ల ముందర ఉంది. అయినా కోపం రావడం లేదు, ఎక్కడ పోయింది?

"ముందు ముగించినోడు కూచోవల్ల గదా," అన్నాను. 

"కూచున్నాను. కొంచెంసేపు కూచున్నాను." ఆయన ఆ సందు వైపు చూశాడు. "వాడు తిరిగి చూసె. నేను కాచుకొని ఉంటే వానికి చెయ్యి ఆడదు, నీకు తెల్సు గదా. రాజన్నా, నువ్వు ముందు పో, టీ చెప్పు, నేను వస్తాను అనె. ఎక్కినాను. రెండు టీ అని చెప్పినాను. తిరిగి చూస్తే గుంత లేదు."

నువ్వు ముందు పో, నేను వస్తాను. ఇంకెవరైనా వచ్చి చెప్పి ఉంటే అబద్ధం అనేదాన్ని. ఆ మాట ఈయన పుట్టించింది కాదు. సంత దారిలో ముల్లు తీసుకుంటూ అన్న మాట, పలుపు వెదుకుతూ అన్న మాట, ఇదే గచ్చు మీద నిలబడి చెయ్యి ఊపుతూ అన్న మాట. అందరినీ ముందు పంపించి, తన సగం తాను చేసుకుంటూ ఒక్కడే కింద ఉండిపోయాడు. ఒక్క రోజైనా, నా కోసం ఉండండయ్యా అనకూడదా? నోరెందుకు రాలేదు నీకు? కాచుకుంటే మాకేం అరిగిపోతుందనుకున్నావు? కళ్లు మసకబారి ఆ సందు కనపడకుండా పోయింది. ఆరేళ్ల కిందట వాకిట్లో రాని ఏడుపు హోసూరు బస్టాండులో, పరాయి మగవాళ్ల ముందర, టీ గ్లాసుల చప్పుళ్ల మధ్య వచ్చింది. ఆపుకోలేదు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు రాజన్నా?"

ఆ పిలుపు విని ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "పోయినోని మీద ఎట్ల చెప్పేది? వాడే పొమ్మనె అంటే, నా తప్పు వాని నెత్తిన పెట్టినట్ల గదా. నువ్వు దుమ్ము కొడ్తివి, అదే మేలనిపించె."

అంచెట్టి బస్సు హారన్ కొడుతూ వచ్చి స్తంభం ముందర ఆగింది. తప్పితే ఇంక ఈరోజు లేదు. నేను చంకలోని మూట విప్పి ఆయన నిండు సగాన్ని బల్ల మీద పెట్టాను, నా సగాన్ని నా గుడ్డలోకి తీసుకున్నాను. రెండు గడియారాలూ ఒకదాని పక్కన ఒకటి కాసేపు కొట్టుకున్నాయి. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండు కెంచమ్మా. మాదప్ప అచ్చులు నా పెట్టెలో ఉండాయి. రేపు తెచ్చి దీని మీద నలభై ఏడు కొట్టి ఇస్తాను. పేరు రేకు కూడా నాదే ఉండాది, విప్పి మారుస్తాను."

"వద్దు," అన్నాను. "ఆయన కొట్టనిది మనమెందుకు కొట్టేది? ఎంత చేసినాడో అంత చాలు. రేకు ఉండనీ. నీ పేరే గదా."

ఆయన తన సగాన్ని ఎత్తుకొని నిలబడ్డాడు, దాని మీద మా ఆయన పేరు ఉంది. నాకు చదవడం రాదు గనక ఏ పేరైనా నాకు గీతలే. చెన్నకేశవ చదివి అడిగితే చెబుతాను, ఇద్దరు చేసేవాళ్లురా ఒక జాయింటు, అని. బస్సు ఎక్కేటప్పుడు తిమ్మరాజు మూట అందించాడు. "అమావాస్యకు రానా?" అని అడిగాడు, వినపడీ వినపడకుండా. "రా అన్నా, ఆకు వేస్తాము," అన్నాను. ఆ మాట ఎవరికి చెప్పానో నాకే తెలియలేదు.

కండక్టరు అరవంలో, మూట సీటు కిందికి తొయ్యమ్మా అన్నాడు. తొయ్యలేదు. ఒళ్లోనే పెట్టుకొని గుడ్డ లోపలికి చెయ్యి పోనిచ్చాను. వేలు వెల్డింగు వెంబడి పోయింది, పైకి ఎక్కింది, వంపు తిరిగింది, కిందికి దిగింది, సన్నబడినచోటికి వచ్చింది. అక్కడ ఆపాను. దాని తరవాత ఏమీ లేదు, సందు, వేలికి గాలి తగులుతోంది. ఆయన చెయ్యి ఆగింది ఇక్కడే. నంబరు లేదు, పేరు లేదు, అయినా నా వేలికి అనుమానం లేదు. మత్తిగిరి దాటితే గాలి చల్లబడుతుంది, కొండ దారిలోకి పోయేసరికి పొద్దు వాలుతుంది, అత్త మేలుకొనే ఉంటుంది. ఆమెకు గట్టిగా అరిచి చెబితే గాని వినపడదు, ఏమని అరవాలో ఇప్పటి నుంచే లోపల అనుకుంటున్నాను. బస్సు కదిలింది. కిటికీలోంచి అలవాటుగా గచ్చు వైపు చూశాను. నన్ను ముందు పొమ్మని చెయ్యి ఊపడానికి అక్కడ ఆయన లేడు. నా ఒళ్లో ఉన్నాడు, నాతో పాటే వస్తున్నాడు.

"అత్తా, వచ్చినాడు. ఆకు వెయ్యి," అన్నాను. పైకే అన్నట్టున్నాను, ముందు సీట్లో ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.